సిగ్నలు ముందు మా బలగం

ఆ రోజుల్లో మెడలో ఓ పట్టీ, దానికి ఓ ప్లాస్టిక్ కార్డు వేలాడితే చాలు, మనిషికి ఉద్యోగం వచ్చినట్టే. కార్డు మీద ఏం రాసి ఉందో ఎవరూ చదివేవారు కాదు. నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు ఆ కార్డు స్నానానికి తప్ప తీసేవాణ్ణి కాదు. (స్నానం చేసేటప్పుడు కూడా కిటికీ కొక్కేనికి, రోడ్డున పోయేవాళ్ళకి కనబడేటట్టు తగిలించేవాణ్ణి.) ఇప్పటికి నా మెడలో ఎన్ని కార్డులు మారాయో గుర్తు లేదు. ఆఫీసు గేటు దాటగానే తీసి జేబులో పడేస్తాను. కానీ విజయనగరంలో ఓ నాలుగు రోడ్ల కూడలిలో ఆ మొదటి కార్డు వేసుకుని, నిచ్చెన మీద నిలబడి కెమెరా అద్దం తుడుస్తున్న ఆ కుర్రాడు మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తుంటాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కొంచెం ముచ్చటా వేస్తుంది.

ఆ ఉద్యోగం నాకెంత అవసరమో చెప్పాలంటే ముందు నా కడుపు సంగతి చెప్పాలి. మాది సముద్రం ఒడ్డు ఊరు. మా ఇళ్ళల్లో మగవాళ్ళంతా వేటకి వెళ్ళేవాళ్ళే. నాకేమో పడవెక్కితే చాలు, కడుపులో తిప్పుతుంది. మా నాన్న నన్ను మొట్టమొదటిసారి తీసుకెళ్ళిన రోజున ఒడ్డు కెరటాలు దాటకుండానే పొద్దున తిన్న చద్దన్నమంతా సముద్రానికి అప్పగించేశాను. మొదట్లో అందరికీ అంతేలే అన్నారు. నాకు తరవాత్తరవాత కూడా అంతే అయింది. చివరికి ఇసకలోకి లాగి పెట్టిన పడవలో కూర్చుని వల బాగుచేస్తున్నా తిప్పడం మొదలెట్టేసరికి మా నాన్న పెదవి విరిచేశాడు. "ఈడు మన పనికి రాడే అప్పా" అని వాళ్ళ అక్కతో, అంటే మా మేనత్తతో అన్నాడు. మా మేనత్త ఒడ్డున చేపలు కొని ఊళ్ళో అమ్మే మనిషి. ఆవిడకి ఏ విషయంలోనూ ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టదు. "అయితే సదివించీ. సదువులో కెరటాలుండవు గదా" అంది. అలా నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. కెరటాలు అక్కడా ఉంటాయని, పైగా వాటికి లెక్కలు కట్టాలని చేరాక తెలిసింది.

చదువయ్యాక ఓ కంపెనీలో చేరాను. విజయనగరంలో ఆ కూడలి దగ్గర కొత్తరకం సిగ్నలు పెట్టి కొన్నాళ్ళు నడిపి చూపించడం వాళ్ళ పని. పెద్దసారు అనే అధికారి ఒకాయన వచ్చి చూసి బాగుందంటే సిగ్నలు ఉంటుంది, నా ఉద్యోగమూ ఉంటుంది. బాగులేదంటే కంపెనీ ఆ సిగ్నలు నడిపే తన పెట్టె పీక్కుని వెళ్ళిపోతుంది, నేను ఇంటికి వెళ్ళిపోతాను. ఇంటికి అంటే పడవ మీదికే. "వయసొచ్చినాది గదా, ఇప్పుడు తిప్పదులే" అని మా నాన్న పడవలో నా చోటు కూడా చూసి ఉంచాడు. ఆయన ప్రేమతోనే అన్నాడు. ఆ మాట వింటేనే నాకు కడుపులో తిప్పింది.

నా హోదా సైటు ఇంజనీరు. చేసే పని నిచ్చెన ఎక్కి కెమెరాల మీద కాకులు వేసినది తుడవడం. మా పైన ఓ మేడమ్ ఉండేవారు. శృంగవరపుకోట వైపు రైతు కుటుంబంలోంచి వచ్చి, పెద్ద చదువు చదివి, ఆ సిగ్నలు నడిపే ప్రోగ్రామంతా స్వయంగా రాసిన మనిషి. ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుంటే టీ చల్లారిపోయేది, ఇంకో టీ వచ్చి అదీ చల్లారిపోయేది. నాకు ఆవిడంటే ఎంత గౌరవమంటే, ఆవిడ "ఆ స్క్రూడ్రైవర్ అందుకో" అన్నా "ఎస్ మేడమ్" అని లేచి నిలబడి అందించేవాణ్ణి. మొదటిరోజు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "ఇంతకుముందున్నవి గడియారం సిగ్నళ్ళు. అవతలి రోడ్డులో ఈగ లేకపోయినా, దాని టైము అయ్యేదాకా మనం ఎర్రలైటు కింద నిలబడాల్సిందే. మన పెట్టె అలా కాదు. నాలుగు రోడ్లలోనూ ఎన్ని బండ్లు ఆగాయో కెమెరాలతో చూస్తుంది. ఎక్కువున్న వైపు ఎక్కువసేపు పచ్చ ఇస్తుంది. ఖాళీ అవగానే తీసేస్తుంది. ఏ పూట ఎటు రద్దీయో రోజూ గమనించి నేర్చుకుంటుంది. ఒక్కమాటలో, సర్దుకుపోయే సిగ్నలు."

పెట్టె బిగించి కరెంటిచ్చిన పొద్దున నేను చూసింది ఈనాటికీ మరిచిపోలేను. ఇంకా జనం రోడ్డెక్కలేదు. ఓ ముసలాయన సైకిలుకి పాల క్యాన్లు కట్టుకుని ఒక్కడూ వస్తున్నాడు. మిగతా మూడు రోడ్లూ ఖాళీ. ఆయనకి ఎర్రలైటు ఉంది. ఆయన బ్రేకు వేసి కాలు కింద పెట్టేలోపు ఎర్ర పోయి పచ్చ పడింది. ఆయన కదల్లేదు. వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా పెద్దవాళ్ళ కారు వస్తోందేమోనని. ఎవరూ లేరు. మళ్ళీ దీపంకేసి చూశాడు. అప్పుడు అర్థమైనట్టుంది, భుజం మీది తువ్వాలు సర్దుకుని, కూడలి మధ్యలోంచి దర్జాగా తొక్కుకుంటూ పోయాడు. ఒక్క సైకిలు మనిషి కోసం అంత పెద్ద కూడలి దారిచ్చింది! నిచ్చెన మీద ఉన్న నాకు ఒళ్ళు పులకరించింది. ఆ పెట్టె నేను కనిపెట్టింది కాదు, కనీసం సరిగ్గా అర్థం చేసుకున్నదీ కాదు. అయినా ఇంటికి ఫోన్ చేసి "మా పెట్టె" అనే చెప్పాను.

ఆ ఫోను సంగతి మా అత్తకి చేరకుండా ఎలా ఉంటుంది? ఆవిడ రోజూ పొద్దున్నే మా బావ ఆటోలో గంపలు పెట్టుకుని సముద్రం వైపు రోడ్డున వచ్చి, ఆ కూడలి దాటే చేపల మార్కెట్‌కి వెళ్ళాలి. మర్నాడు నేను నిచ్చెన మీద ఉండగా కింద నుంచి కేక వినబడింది. "ఒరే అల్లుడా! దిగు కిందకి!" కూడలిలో ఉన్నవాళ్ళంతా ఆ అల్లుడెవరా అని తలెత్తారు. దిగాను.

"ఆ పెట్టె నీదేనేటి?"

"నాది కాదత్తా, కంపెనీది."

"తాళం ఎవులి కాడున్నాది?"

"నా దగ్గరే."

"అయితే నీదే. మరి మన బండికి పచ్చ ఎయ్యవేటిరా? ఐసు కరిగిపోతన్నాది."

"నేను వెయ్యనత్తా, అదే చూసి వేస్తుంది" అని మేడమ్ చెప్పిందంతా ఆవిడకి అర్థమయ్యేటట్టు చెప్పాను. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరన్నంత బాగా చెప్పాననుకున్నాను. ఎటువైపు బండ్లు ఎక్కువుంటే అటువైపు పచ్చ ఎక్కువ అని, ఎవరికి తగ్గట్టు వాళ్ళకి సర్దుకుపోతుందని. అత్త గంప మీద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నది.

"సర్దుకుపోతాదా? అయితే మంచి కోడలే" అంది. (ఆ రోజు నుంచి మా ఊళ్ళో ఆ పెట్టె పేరు కోడలు.) తరవాత కాస్త ఆలోచించి, "అంటే బలగం సూస్తాదన్నమాట" అంది.

"బలగం కాదత్తా, ట్రాఫిక్."

"అదేరా. ఎవులి పక్క జనముంటే ఆల్ల మాట సెల్లుతాది. మన తగువులాగే."

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో ఏ తగువొచ్చినా పెద్దల ముందు కూర్చుంటారు. వల తెగిన తగువైనా, పిల్లనిచ్చిన తగువైనా సరే, ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. అన్నదమ్ములు, బావలు, బావల బావలు, అందరూ వెనక నిలబడాలి. వాళ్ళు నోరెత్తక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. పెద్దలు తలలు లెక్కపెట్టరు, కానీ చూస్తారు. పెళ్ళిచూపులకైనా, ఆసుపత్రికైనా, ఆఖరికి బడిలో పిల్లాణ్ణి చేర్పించడానికైనా మేం అలాగే వెళతాం. నన్ను పాలిటెక్నిక్‌లో చేర్పించడానికి రెండు ఆటోల నిండా వచ్చారు. ప్రిన్సిపాల్ గారు ఏదో గొడవ జరిగిందనుకుని ముందు వాచ్‌మన్‌ని పిలిచారు.

మర్నాడు పొద్దున సముద్రం వైపు రోడ్డున మా బావ ఆటో వచ్చింది. దాని వెనక మా వీధిలో చక్రాలున్నది ప్రతీదీ వచ్చింది. మోటారు సైకిళ్ళు, ఇంకో రెండు ఆటోలు, వలలు మోసే చిన్న లారీ. పెట్టె చూసింది. అంత వరస చూసి వెంటనే ఎర్ర తీసి పచ్చ ఇచ్చింది. గంపల్లో ఐసు చెక్కు చెదరకుండా మా అత్త మార్కెట్‌కి చేరింది. వెనకొచ్చిన బలగం కూడలి దాటి, అవతల టీలు తాగి, తిరిగి ఇంటికెళ్ళిపోయింది. రోజూ ఇదే వరస. కొన్నాళ్ళకి ఇంకో వింత జరిగింది. ఆ వేళకి ఆ రోడ్డున రద్దీ ఉంటుందని పెట్టె నేర్చేసుకుంది. దాంతో మా వాళ్ళు ఇంకా రాకముందే పచ్చ సిద్ధంగా పెట్టి ఉంచడం మొదలెట్టింది. మా అత్త ఆనందం చెప్పనలవి కాదు. "నాను ఎంత దూరంలో ఉన్నా నా అలికిడి తెలిసిపోతాదిరా దానికి. గుమ్మంలోకి ఎదురొస్తాది!" అని మార్కెట్టంతా చెప్పుకుంది. దానికి అలికిడి తెలియదని, అది అంకెలు మాత్రమే చూస్తుందని చెప్పబోయాను. కానీ ఆవిడ చెప్పిందే అందంగా ఉందనిపించి ఊరుకున్నాను.

ఇంతలో శృంగవరపుకోట వైపు రోడ్డులో ఓ మార్పు వచ్చింది. ఆ దారిన కూరగాయల బండ్లు వస్తాయి. ఓ తలపాగా పెద్దాయన పొద్దున్నే ట్రాక్టరు మీద వంకాయలు తెచ్చేవాడు. ఇప్పుడాయన వెనక ఇంకో ట్రాక్టరు కనబడింది. మర్నాటికి మరోటి కలిసింది. ఆ తరవాత ట్రాక్టర్లకి ఖాళీ తొట్లు తగిలించారు, పొడుగ్గా కనబడాలని. మా వాళ్ళు అది చూసి పక్కవీధి వాళ్ళనీ పిలిచారు. మొత్తానికి ఆ కూడలిలో పొద్దున పూట రెండు బలగాలూ ఎదురెదురుగా నిలబడి, ఎవరికి ముందు పచ్చ పడుతుందా అని చూసుకుంటుండేవి. ఎవరికి పడితే వాళ్ళు ఈల వేసుకుంటూ పోయేవారు.

ఈ సంగతేదీ తెలియని మనిషి మేడమ్ ఒక్కరే. కూడలి పక్కన మేడ మీద మాకో గది, అందులో నాలుగు రోడ్లూ కనబడే పెద్ద తెర ఉండేవి. ఆవిడ ఓ రోజు గీతలు చూపించి మురిసిపోయారు. "చూడు, మనం మొదట సర్వే చేసినప్పుడు ఈ రెండు రోడ్లలోనూ పొద్దున ఇంత రద్దీ లేదు. ఎలా పెరిగిందో! పెట్టె ఎంత చక్కగా సర్దుకుందో!" అన్నారు. నేను కార్డు పట్టుకుని నేలకేసి చూస్తున్నాను. ఆవిడ తెర మీదికి వంగారు. "అన్నట్టు, ఈ ఎర్ర మోటారు సైకిలు... ఇప్పుడే దాటింది కదా? మళ్ళీ ఇటు ఎందుకొస్తోంది? మధ్యలో ఓ పిల్లాడు కూర్చున్నాడు, వాడు కెమెరాకేసి చెయ్యూపుతున్నాడు. నిన్న కూడా ఊపాడు. ఎవరికి?"

"నాకేనండి" అన్నాను.

ఇంకేం దాస్తాను? మొత్తం చెప్పేశాను. కోడలు, బలగం, తగువు, అన్నీ. ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఏమిటయ్యా ఇది! నువ్వు చెప్పడం, వాళ్ళు ఊరంతా కట్టుకు రావడం! ఆ అవతలి రోడ్డు వాళ్ళని చూడు, పాపం, బుద్ధిగా..." అంటూ రెండో కెమెరాని దగ్గరకి లాగి చూశారు. ముందు ట్రాక్టరు మీద తలపాగా పెద్దాయన మీసం సవరించుకుంటున్నాడు. మేడమ్ నోరు తెరుచుకుని ఉండిపోయారు.

"ఓలమ్మో! మా మావ! ఈయనకెవులు సెప్పినారు?" అన్నారు. అప్పటివరకూ ఆవిడ నోట అలాంటి తెలుగు నేను వినలేదు. చెప్పింది ఎవరో ఆవిడకే కాసేపటికి గుర్తొచ్చినట్టుంది. నాలాగే ఆవిడా ఇంటికి ఫోన్ చేసి "మా పెట్టె" గురించి మురిసిపోతూ చెప్పారట. కుర్చీలో కూలబడి నవ్వడం మొదలెట్టారు. నాకూ నవ్వొచ్చింది. అంత పెద్ద చదువు చదివిన మనిషీ నేనూ ఒకే పని చేశామని నాకు చాలా గర్వంగా కూడా అనిపించింది.

కానీ నవ్వుకునే టైము కాదది. మర్నాడే పెద్దసారు వచ్చేది. "మీ వాళ్ళని రేపొక్కరోజు మామూలుగా రమ్మను. నేను మా మావకి చెప్తాను" అన్నారు మేడమ్. సాయంత్రం బస్సులో ఊరెళ్ళాను. మా అత్త అరుగు మీద కూర్చుని నెత్తళ్ళ చేపలు ఏరుతోంది.

"అత్తా, రేపు పొద్దున పెద్దసారు వచ్చి మా సిగ్నలు చూస్తాడు. అదే నాకు పరీక్ష. పాసైతే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే నాన్న పడవే. అందుకని రేపు మనవాళ్ళు..."

"ఇంక సెప్పకు. తెలిసిపోనాది" అంది అత్త, చెయ్యి అడ్డం పెట్టి.

"అది కాదత్తా, మనవాళ్ళు..."

"నాకు సెప్పాల్నేటి? నువ్వు తిని బేగి తొంగో. పరీచ్చ రోజున కళ్ళు ఎర్రగుండకూడదు."

మా అత్తకి సగం మాట చాలు. మిగతా సగం ఆవిడే పూరించుకుంటుంది. ఏం పూరించుకుందో నేను అడగలేదు. మేడమ్ కూడా ఫోన్‌లో వాళ్ళ మావతో "రేపు మా పరీక్ష మావా" అన్నారట. ఆయన "నువ్వేటీ బెంగెట్టుకోకు అమ్మీ, నానున్నాను గదా" అని పెట్టేశాడట. ఇద్దరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కార్డు తుడుచుకుని గదిలో నిలబడ్డాను. సముద్రం వైపు రోడ్డున ముందు మా బావ ఆటో కనబడింది. ఆ వెనక మా వీధి. దాని వెనక మా ఊరు. ఆ వెనక మా ఊళ్ళో పిల్లల్నిచ్చిన ఊళ్ళు, పిల్లల్ని తెచ్చుకున్న ఊళ్ళు. (రాత్రి మా అత్త ఫోన్‌లో చుట్టాల గ్రూపులన్నిటికీ మాట రికార్డు చేసి పెట్టిందని తరవాత తెలిసింది.) డప్పులొక్కటే తక్కువ. అవతలి రోడ్డు చూద్దును గదా, ట్రాక్టర్ల తొట్లలో జనం పెళ్ళికి వెళుతున్నట్టు కూర్చుని ఉన్నారు. ముందు తలపాగా మావ. ఆ జనం మధ్యలో మామూలుగా పనుల మీద పోయేవాళ్ళు ఇరుక్కుపోయారు. కూడలి అంత రద్దీ ఎన్నడూ చూసి ఉండదు.

పెట్టె మాత్రం తన పని తను చేసుకుపోతోంది. మేడమ్ దానికి మొదట్లోనే ఓ కట్టుబాటు పెట్టారు. ఎంత వరస ఉన్నా సరే, ఒక హద్దు దాటి ఎవరికీ పచ్చ ఇవ్వకూడదు. ఎంత తక్కువమంది ఉన్నా సరే, ఒక హద్దు దాటి ఎవర్నీ నిలబెట్టకూడదు. అటు కొంచెం, ఇటు కొంచెం, మధ్యలో ఆ మిగతా రెండు రోడ్లకీ వాటి వంతు ఇస్తూ, ఓపిగ్గా తిప్పుతోంది. కానీ అంత జనాన్ని ఏ పెట్టె మాత్రం ఏం చేస్తుంది? ఇంతలో మేడమ్ ఫోను మోగింది. పెద్దసారు డ్రైవరు. సారు కారు జామ్‌లో చిక్కుకుందట, సముద్రం వైపు రోడ్డులో. తెర చూశాం. మా ఆటోల మధ్య ఓ తెల్లకారు ఉంది. కారు కిటికీ దించి ఉంది. ఆ కిటికీలో మోచేతులు ఆన్చి మా అత్త మాట్లాడుతోంది.

మెట్లెలా దిగానో నాకే తెలియదు. కారు దగ్గరికి వెళ్ళేసరికి అత్త చెబుతోంది. "అదిగో బాబూ, మెడలో కారడేసుకుని పరిగెట్టుకొస్తన్నాడు సూడు, ఆడే మా అల్లుడు. ఆ పెట్టె ఆడిదే."

"ఇంతమంది ఎందుకొచ్చారమ్మా?" అని అడుగుతున్నారు పెద్దసారు.

"ఇయ్యాల ఆడికి పరీచ్చ బాబూ. పెద్దసారెవులో సూడ్డానికొస్తన్నాడంట. రోడ్డు కాలీగుంటే ఆ పెట్టె ఏటి సూపిస్తాది? పని సేసీవోడికీ సెయ్యనోడికీ తేడా ఎలగ తెలస్తాది? అయినా ఆణ్ణి ఏ పనికీ మేం ఒంటిగా ఒగ్గనేదు. అందుకే అందరం వచ్చీనాం."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. నవ్వుతున్నారో కోప్పడుతున్నారో తెలియలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నా పట్నం భాషంతా ఎగిరిపోయింది. "అత్తా! ఇంతమందుంటే నా పరీచ్చ పోతాదే! రోడ్డు మామూలుగా ఉండాల!"

అత్త నాకేసి ఓసారి చూసింది. "ఆ మాట ముందే సెప్పొచ్చు గదరా!" అంది. (మీరే చెప్పండి, నేను చెప్పబోలేదా?) ఆటో మెట్టెక్కి నిలబడి చీర కొంగు నడుంకి దోపుకుంది. "ఒరే! ఆడి పరీచ్చకి మనమే అడ్డంట! తిప్పండ్రా బండ్లు! బేగి తిప్పండి!" సముద్రం మీద వెళుతున్న పడవని ఒడ్డు నుంచి పిలిచే గొంతు అది. ఒక్కరూ ఎందుకని అడగలేదు. ఉన్నచోటే బండ్లు తిప్పుకుని వచ్చిన దారినే వెళ్ళిపోవడం మొదలెట్టారు. అవతల తలపాగా మావ, సముద్రం వాళ్ళు వెనక్కి తగ్గారనుకుని మీసం మీద చెయ్యి వేశాడు. అంతలో మేడ మీంచి మేనకోడలు రెండు చేతులూ జోడించి దండం పెడుతూ కనబడింది. ఆయనా చెయ్యి దించి, ట్రాక్టర్లు తిప్పించాడు.

అప్పుడు ఆ పెట్టె చేసిన పని చూడాలి. వరస తగ్గుతున్న కొద్దీ తన పచ్చనీ తగ్గించుకుంటూ వచ్చింది. మిగిలినవాళ్ళని ఈ రోడ్డులోంచి కొందర్ని, ఆ రోడ్డులోంచి కొందర్ని చకచకా పంపించేసింది. కాసేపటికి ఆ కూడలి ఏమీ ఎరగనట్టు మామూలుగా ఉంది. పెద్దసారు కారు పచ్చలైటులో ఆగకుండా దాటి వచ్చి మా మేడ కింద నిలబడింది.

ఆయన పైకొచ్చి, జరిగిందంతా తెర మీద మళ్ళీ వేయించుకుని చూశారు. నేను మనసులో పడవెక్కేశాను, కడుపులో తిప్పడం కూడా మొదలైంది. చివరికి మేడమ్ వైపు తిరిగి అన్నారు. "నేనొస్తున్నానంటే అందరూ రోడ్లు ఖాళీ చేయిస్తారమ్మా. నా కోసం రోడ్డు నింపినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను. ఇంతకన్నా పెద్ద పరీక్ష నేను కూడా పెట్టలేను. వాళ్ళు అంత బలగం తెచ్చినా మీ పెట్టె ఎవరి వైపూ మొగ్గలేదు. ఎవరి వంతు వాళ్ళకిచ్చింది. జనం పోగానే తనూ తగ్గింది. ఉండనివ్వండి దీన్ని." మేడమ్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అప్పుడే వచ్చిన టీని వేడిగా ఉండగానే తాగడం ఆవిణ్ణి అదే మొదటిసారి చూశాను.

నేను గబగబా కిందికి దిగాను. మా బావ ఆటో మూల మీద ఆగి ఉంది. "పాసయిపోయానత్తా! మేడమ్‌కి ఓ మంచి వంజరం చేప ఇవ్వవే" అంటూ గంప మీది గోనె ఎత్తాను. గంప ఖాళీ. రెండో గంప, మూడో గంప కూడా ఖాళీయే. ఐసు తడి కూడా లేదు.

"చేపలేవత్తా?"

"ఇయ్యాల ఏటకెవులెల్లినార్రా? అందరూ ఇక్కడే ఉన్నారు గదా" అంది అత్త, అదేదో అడగాల్సిన మాటే కానట్టు. అప్పుడు చూశాను, ఆటో వెనక సీట్లో మా నాన్న ఉన్నాడు. వేట మానుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. ముఖం పాలిపోయి ఉంది, చెమటలు పట్టి ఉన్నాయి.

"ఏమైంది నాన్నా?"

"ఈ ఆటో నాకు పడదురా. ఎక్కిన కాణ్ణించీ కడుపులో తిప్పతన్నాది" అన్నాడు. జీవితమంతా సముద్రం మీద గడిపిన మనిషి! తువ్వాలుతో ముఖం తుడుచుకుని, నా వైపు చూడకుండా అన్నాడు. "పడవలో నీ సోటు మీ సిన్నాన్న కొడుక్కిచ్చీసినాను."

"ఇప్పుడేనా?"

"పొద్దున్నే. ఇక్కడికి బయలెల్లకముందే."

సోడా కొనుక్కొచ్చి ఇచ్చాను. ఆయన తాగి, నా మెడలో కార్డు పట్టుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి వదిలేశాడు.

ఇప్పుడు నేను ఇంతకన్నా పెద్ద ఊళ్ళో, గోడ నిండా తెరలున్న గదిలో కూర్చుంటాను. ఇప్పటి పెట్టెలు బస్సేదో లారీ ఏదో కూడా గుర్తుపడతాయి, ఓ కూడలి పక్క కూడలితో మాట్లాడుకుంటుంది. వాటి తెలివి చూస్తే ఇప్పటికీ నాకు ఆ పాల ముసలాయన వెనక్కి తిరిగి చూసినప్పటి సంతోషమే కలుగుతుంది. ఎప్పుడైనా ఏదో ఒక రోడ్డులో ఉన్నట్టుండి బండ్లు బారులు తీరితే నా కింద పనిచేసే కుర్రాళ్ళు గాభరా పడతారు. "సార్, ఇక్కడేదో తేడాగా ఉంది, కెమెరా తప్పు చూపిస్తోందేమో" అంటారు. "ఉండండి, ఎవరికో ఈ రోజు పరీక్షేమో" అంటాను. సారు జోక్ వేశారనుకుని వాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వి, ఆ వరసలో ఎర్ర మోటారు సైకిలు మీద చెయ్యూపే పిల్లాడెవడైనా ఉన్నాడేమోనని తెర దగ్గరికి వంగి చూస్తాను.